అడ్వాన్స్‌డ్ లింఫోమాకి ఏ కీమో? తిరుపతి, చిత్తూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మన తిరుపతి, చిత్తూరు వైపు లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) పేషెంట్ల ఇళ్ళవాళ్ళతో మాట్లాడినప్పుడల్లా అవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందులో పెద్దది ఇది: "పక్క మంచం ఆయనకి వేరే మందు ఎక్కిస్తున్నారు, మాకు మాత్రం ఇదెందుకు?" అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మందు, డోసు నిర్ణయించేది మాత్రం మీ ఆంకాలజిస్టే. ఆయన్ని ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

## మొదటి కీమోకి ముందు

నాలుగో స్టేజ్ అన్నారు. ఇంక ఆశ లేదనా?

కాదు. మిగతా క్యాన్సర్లలో నాలుగో స్టేజ్ అంటే వచ్చే భయాన్ని లింఫోమాకి అంటగట్టకండి. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఉదరవితానానికి పైనా కిందా రెండు వైపులా గ్రంథులు వాచి ఉంటే మూడో స్టేజ్. మూలుగ, లివర్, ఊపిరితిత్తుల్లాంటి చోట్లకి పాకితే నాలుగో స్టేజ్. హాడ్కిన్ లింఫోమాలో మూడు, నాలుగు స్టేజ్‌ల వాళ్ళనే తీసుకుని చేసిన ఎషలాన్-1 అధ్యయనంలో ఆరేళ్ళ తర్వాత ఒక గుంపులో 89 శాతం, ఇంకో గుంపులో 94 శాతం మంది బతికి ఉన్నారు. డీఎల్‌బీసీఎల్ అనే వేగంగా పెరిగే రకంలో కూడా సగానికి పైగా పూర్తిగా నయమవుతారు. ఫాలిక్యులర్ లాంటి నెమ్మది రకాలు పూర్తిగా పోవడం తక్కువే అయినా, చాలామంది దానితోనే ఎన్నో ఏళ్ళు మామూలుగా బతుకుతారు.

బయాప్సీలో లింఫోమా అని తేలింది. ఐహెచ్‌సీ రిపోర్టు కోసం ఇంకా ఆగమంటున్నారు. ఈలోగా ముదిరిపోదా?

మామూలుగా ఆగాలి. లింఫోమా అన్నది ఒక్క జబ్బు కాదు, పదుల రకాలు. ఏ రకమో తేల్చేది ఐహెచ్‌సీ. దాన్నిబట్టే కీమో. రకం తప్పితే ఎంత ఖరీదైన మందైనా దండగే. ఒక్క సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ దీనికి చాలదు, గ్రంథిని మొత్తంగా తీసి పరీక్షకి పంపడం మేలు. ఆయాసం, ముఖం ఉబ్బడం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి ఉంటే డాక్టర్లు ఆగకుండా మొదలుపెడతారు. ఒక జాగ్రత్త: బయాప్సీకి ముందే ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తే గడ్డ కరిగి రిపోర్టు తేలకుండా పోవచ్చు.

మెడలో బిళ్ళలు కట్టాయని టీబీ మందులు వాడాం. తగ్గలేదు. ఇప్పుడు లింఫోమా అంటున్నారు. ఆ మందుల వల్లే వచ్చిందా?

టీబీ మందుల వల్ల లింఫోమా రాదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, మెడలో బిళ్ళలు రెండింటికీ ఉంటాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో మొదటి అనుమానం అటే పోతుంది. నష్టమల్లా పోయిన సమయమే. టీబీ మందులు మొదలుపెట్టి కొన్ని వారాలైనా బిళ్ళ తగ్గకపోతే, లేదా పెరుగుతూ ఉంటే, బయాప్సీ చేయమని గట్టిగా అడగండి. అది మీ హక్కు.

గుండె బాగానే ఉంది కదా, ఎకో ఎందుకు? హెపటైటిస్ పరీక్ష ఎందుకు?

హాడ్కిన్ లింఫోమాకి ఇచ్చే ఏబీవీడీ కీమోలోనూ, నాన్-హాడ్కిన్ రకాలకి ఇచ్చే ఆర్-చాప్‌లోనూ డాక్సోరూబిసిన్ అనే మందు ఉంటుంది. అది గుండె కండరాన్ని బలహీనపరచగలదు. జీవితకాలంలో చదరపు మీటరుకి సుమారు 450 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఆరు సైకిళ్ళ (విడతల) ఏబీవీడీకైనా ఆర్-చాప్‌కైనా మొత్తం 300 అవుతుంది. ఆర్-చాప్‌లో ఉండే రిటుక్సిమాబ్ అనే మందు పడితే ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్-బి మళ్ళీ లేచి లివర్‌ని దెబ్బతీయవచ్చు. ముందే తెలిస్తే దానికి మాత్ర ఇచ్చి కాపాడతారు. ఈ రెండు పరీక్షలూ దాటవేయకండి.

మా వాడికి ఇంకా పెళ్ళి కాలేదు. తర్వాత పిల్లలు పుడతారా?

ఇది మొదటి కీమోకి ముందే అడగాల్సిన ప్రశ్న. సిగ్గుపడి ఆగకండి. ఏబీవీడీ తర్వాత చాలామందికి పిల్లలు పుడతారు. హాడ్కిన్‌కే ఇచ్చే ఇంకా గట్టి కీమో బీకాప్ మగవాళ్ళలో వీర్యాన్ని చాలావరకు దెబ్బతీస్తుంది, ఆడవాళ్ళలో వయసు పెరిగేకొద్దీ నష్టం ఎక్కువ. ఏ కీమో అయినా మగపిల్లలకి వీర్యం దాచిపెట్టడం తేలిక, ఒకటి రెండు రోజుల పని. ఆడపిల్లలకి అండాలు దాచడానికి రెండు వారాల దాకా పడుతుంది, అంత వ్యవధి ఉందో లేదో డాక్టరు చెప్పాలి.

ఎలాగూ జుట్టు ఊడుతుంది. ముందే కొండకి వెళ్ళి తలనీలాలు ఇచ్చేయొచ్చా?

ఒంట్లో ఓపిక ఉండి, డాక్టరు సరేనంటే మొదటి కీమోకి ముందు ఇవ్వడం మంచిదే. కొత్త బ్లేడు వాడమనండి, గాటు పడకుండా చూసుకోండి. అలిపిరి మెట్లు ఎక్కే మొక్కు ఉంటే దాన్ని చికిత్స అయ్యాక పెట్టుకోండి. కీమో మొదలయ్యాక మాత్రం, ముఖ్యంగా తెల్లకణాలు పడిపోయే రోజుల్లో, కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి జనం మధ్య కూర్చోవడం ఇన్‌ఫెక్షన్‌ని పిలిచినట్టే.

తిరుపతిలో చేయించాలా, వేలూరు పోవాలా?

ఏబీవీడీ, ఆర్-చాప్ లాంటివి ప్రపంచమంతా ఒకే లెక్కతో ఇస్తారు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టులు తెరిచిన క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. చిత్తూరు వాళ్ళకి వేలూరు సీఎంసీ దగ్గర. బయాప్సీ స్లైడ్లు ఇంకోచోట చూపించి రెండో అభిప్రాయం తీసుకోవడం మంచి ఆలోచన. కానీ కీమో ఎక్కడన్నది తేల్చుకునేటప్పుడు నేను చూసేది ఒకటే: ప్రతి సైకిల్‌కీ తేదీ తప్పకుండా వెళ్ళగలరా, రాత్రి జ్వరం వస్తే ఎంతసేపట్లో చేరగలరు? పలమనేరు, పీలేరు, సత్యవేడు లాంటి చోట్ల ఉన్నవాళ్ళు ఇది ముందే లెక్కేసుకోవాలి.

ఆరోగ్యశ్రీ పనిచేస్తుందా?

ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలో కీమోథెరపీ ఉంది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర మూడు విషయాలు విడివిడిగా అడగండి: మీకు రాసిన కీమో పేరుతో అనుమతి వస్తుందా, రిటుక్సిమాబ్ అందులో కలిసిందా, జబ్బు ఎక్కడ చురుకుగా ఉందో చూపే పెట్ స్కాన్ ఖర్చు ఎవరిది. రాష్ట్రం దాటి వెళ్ళేట్టయితే బయల్దేరకముందే అడగండి. క్యాన్సర్ పేషెంటుకీ తోడు వెళ్ళే ఒకరికీ రైలు చార్జీలో రాయితీ ఉంది, ఆస్పత్రి సర్టిఫికెట్ కావాలి.

## ఏ కీమో, ఎందుకు

ఏబీవీడీ, ఆర్-చాప్ రెండిట్లో ఏది గొప్పది?

ఈ రెండిటినీ పోల్చడమే కుదరదు. ఏబీవీడీ హాడ్కిన్‌కి. ఆర్-చాప్ బి-కణాల నాన్-హాడ్కిన్ రకాలకి. కీమో పేరు మనిషికి కాదు, రకానికి కట్టుబడి ఉంటుంది. ఏబీవీడీ నాలుగు వారాల సైకిల్, అందులో మొదటి రోజు, పదిహేనో రోజు ఎక్కిస్తారు. ఆరు సైకిళ్ళంటే పన్నెండుసార్లు. ఆర్-చాప్ మూడు వారాలకోసారి, మామూలుగా ఆరు సార్లు, దానితో పాటు ఐదు రోజుల స్టెరాయిడ్ మాత్రలు.

హాడ్కిన్‌కి బీకాప్ ఇంకా బలమైనదట. మరి ఏబీవీడీ ఎందుకిస్తున్నారు?

ఏబీవీడీని 1970లలో ఇటలీలోని మిలాన్‌లో జియాన్ని బొనడొన్నా బృందం తెచ్చింది. బీకాప్ జర్మనీ వాళ్ళది. జబ్బుని మొదటి దెబ్బకే అదుపు చేయడంలో బీకాప్‌ది పైచేయి, అందులో సందేహం లేదు. అయితే ఇటలీలో రెండింటినీ నేరుగా పోల్చి 2011లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఏడేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు బీకాప్‌లో 85 శాతం, ఏబీవీడీలో 73 శాతం. కానీ ఏబీవీడీతో తగ్గనివాళ్ళకి తర్వాత గట్టి కీమో, స్టెమ్ సెల్ మార్పిడి చేశాక, మొత్తంగా బతికినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అంటే ఏబీవీడీతోనే నయమయ్యే చాలామందిని బీకాప్ బాధలకి గురిచేయకుండా ఉండవచ్చు.

ఆ బాధలు చిన్నవి కావు: తెల్లకణాలు బాగా పడిపోవడం, రక్తం ఎక్కించాల్సి రావడం, సంతానం కష్టం కావడం, చాలా ఏళ్ళ తర్వాత బ్లడ్ క్యాన్సర్ వచ్చే చిన్న ప్రమాదం. అరవై దాటినవాళ్ళకి దాదాపుగా ఇవ్వరు. రాత్రికి రాత్రి జ్వరం వస్తే వెంటనే చేరే ఆస్పత్రి లేని ఊళ్ళో ఉన్నవాళ్ళకి బీకాప్ రాయాలంటే డాక్టరు రెండుసార్లు ఆలోచించడం సబబే అనిపిస్తుంది నాకు. జర్మనీ వాళ్ళే దాన్ని మార్చి బ్రెకాడ్ అని కొత్తది తెచ్చారు. 2024లో వచ్చిన హెచ్‌డీ21 ఫలితాల్లో నాలుగేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు అందులో 94.3 శాతం, బీకాప్‌లో 90.9 శాతం, బాధలూ తక్కువే.

బ్రెంటక్సిమాబ్, నివోలుమాబ్ అంటున్నారు. అప్పు చేసైనా అవే వేయించాలా?

హాడ్కిన్‌కి రెండూ మంచి మందులే. ఏబీవీడీలో బ్లియోమైసిన్ తీసేసి ఆ చోట వీటిలో ఒకటి పెడతారు. బ్రెంటక్సిమాబ్ కలిపినవాళ్ళలో ఆరేళ్ళకి బతికి ఉన్నవాళ్ళు 93.9 శాతం, ఏబీవీడీలో 89.4. కాకపోతే నరాల తిమ్మిర్లు ఎక్కువ, తెల్లకణాల కౌంట్ పెంచే ఇంజెక్షన్ తప్పనిసరి. ఆ తర్వాత నివోలుమాబ్‌నీ బ్రెంటక్సిమాబ్‌నీ పోల్చారు. రెండేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు నివోలుమాబ్‌తో 92 శాతం, బ్రెంటక్సిమాబ్‌తో 83 శాతం. నివోలుమాబ్‌ని పెద్ద వయసువాళ్ళు కూడా బాగా తట్టుకున్నారు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ఈ మందులు ఆరు సైకిళ్ళూ పూర్తి చేయాలి. రెండు సైకిళ్ళకి పొలం తాకట్టు పెట్టి, మూడో దానికి డబ్బు లేక ఆగిపోవడం కన్నా, తేదీ తప్పకుండా పూర్తిచేసిన ఏబీవీడీ ఎంతో మేలు. ఏబీవీడీ తీసుకున్న వందమందిలో దాదాపు తొంభై మంది ఆరేళ్ళకి బతికి ఉన్నారన్న అంకె కూడా అదే అధ్యయనం నుంచి వచ్చిందే. పేదరికం వల్ల పాత మందుతో సరిపెట్టుకున్నామని ఎవరూ కుమిలిపోవద్దు.

డీఎల్‌బీసీఎల్‌కి ఇంకా 1970ల నాటి చాప్‌నే ఇస్తారా? కొత్తది కనిపెట్టలేదా?

ఆర్-చాప్‌లోంచి రిటుక్సిమాబ్ తీస్తే మిగిలేదే చాప్. కొత్తవి కనిపెట్టారు, పోల్చారు, చాప్ నిలబడింది. 1993లో అమెరికాలో చాప్‌ని దానికన్నా ఎక్కువ మందులున్న మూడు కీమోలతో పోల్చారు. ప్రాణం నిలబెట్టడంలో తేడా లేదు. మందుల దెబ్బకే చనిపోయినవాళ్ళు చాప్‌లో 1 శాతం, మిగతా వాటిలో 3 నుంచి 6 శాతం. మందులు ఎక్కువైతే ఫలితం ఎక్కువవుతుందన్న నమ్మకం అక్కడ వీగిపోయింది.

అసలు మార్పు రిటుక్సిమాబ్‌తో వచ్చింది. 2002లో ఫ్రాన్స్ వాళ్ళు అరవై నుంచి ఎనభై ఏళ్ళవాళ్ళలో చూపించారు: రెండేళ్ళకి బతికి ఉన్నవాళ్ళు చాప్‌లో 57 శాతం, రిటుక్సిమాబ్ కలిపితే 70 శాతం. అందుకే రిటుక్సిమాబ్‌ని వదిలేసి ఖర్చు తగ్గించుకుందామని మాత్రం అనుకోకండి. తగ్గించాల్సి వస్తే వేరే ఖర్చులు వెతకండి.

రిటుక్సిమాబ్ విదేశీ కంపెనీదే కావాలా?

అక్కర్లేదు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఇప్పుడు ఇంకా కొన్ని దేశీయ బ్రాండ్లు ఉన్నాయి. మన దేశంలో ఎక్కువమంది వాడుతున్నది వీటినే.

మూడు వారాలకి బదులు రెండు వారాలకోసారి ఇస్తే తొందరగా తగ్గదా?

తగ్గదు. బ్రిటన్‌లో రెండు పద్ధతులనీ పోల్చిన పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. ఫలితంలో తేడా లేదు.

ఆర్-చాప్ కన్నా ఆర్-ఈపాక్ మేలని ఒకరన్నారు. నిజమా?

అందరికీ కాదు. ఈపాక్‌లో మందుని నాలుగు రోజులపాటు ఆగకుండా ఎక్కిస్తారు, కౌంట్‌ని బట్టి డోసు పెంచుతారు. మామూలు డీఎల్‌బీసీఎల్‌లో రెండింటినీ పోల్చినప్పుడు ఫలితం ఒకటే, ఈపాక్‌తో బాధలు ఎక్కువ. ఛాతీ మధ్యలో పెద్ద గడ్డగా వచ్చే ప్రైమరీ మీడియాస్టినల్ రకంలో, డబుల్ హిట్ అనే రకంలో మాత్రం చాలామంది డాక్టర్లు ఈపాక్ వైపు మొగ్గుతారు. మీ రిపోర్టులో ఆ మాటలు ఉన్నాయేమో చూసి అడగండి.

పొలటుజుమాబ్ కలిపితే ఎంత లాభం?

చాప్‌లోని విన్‌క్రిస్టిన్ స్థానంలో దాన్ని పెట్టి చూశారు. రెండేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు 76.7 శాతం, ఆర్-చాప్‌లో 70.2 శాతం. బతికినవాళ్ళ సంఖ్యలో ఆ నాటికి తేడా లేదు. ధర మాత్రం చాలా ఎక్కువ.

మా అవ్వకి ఎనభై దాటాయి. కీమో తట్టుకుంటుందా? వద్దనేద్దామా?

వయసు చూసి మాత్రమే వద్దనకండి. తన పని తాను చేసుకునే అవ్వ వేరు, మంచం దిగలేని అవ్వ వేరు. ఎనభై దాటినవాళ్ళ కోసం డోసు తగ్గించిన ఆర్-మినీ-చాప్ ఉంది. ఫ్రాన్స్‌లో దాన్ని పరీక్షించినప్పుడు రెండేళ్ళకి 59 శాతం మంది బతికి ఉన్నారు. కీమోకి ముందు వారం రోజులు స్టెరాయిడ్ మాత్రలిచ్చి కొంత ఓపిక తెప్పించే పద్ధతి కూడా ఉంది. అవ్వకి జబ్బు పేరు చెప్పకుండా దాచేస్తుంటారు చాలా ఇళ్ళల్లో. ఆమె ఇష్టం కూడా అడగండి.

ఫాలిక్యులర్ అన్నారు. బీఆర్ ఇస్తే జుట్టు ఊడదట కదా?

బెండముస్టిన్, రిటుక్సిమాబ్ కలిపినదే బీఆర్. జుట్టు దాదాపుగా ఊడదు. నెమ్మదిగా పెరిగే రకాల్లో జర్మనీ అధ్యయనం ప్రకారం జబ్బు మళ్ళీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం బీఆర్‌తో 69.5 నెలలు, ఆర్-చాప్‌తో 31.2 నెలలు. అయితే రోగనిరోధక శక్తి చాలాకాలం తక్కువగా ఉంటుంది. బాధలేమీ లేకపోతే మందే లేకుండా గమనిస్తూ ఉండమని కూడా డాక్టరు చెప్పవచ్చు. అది నిర్లక్ష్యం కాదు.

## కీమో నడుస్తుండగా

జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామా?

వద్దు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే అర్ధరాత్రైనా ఆస్పత్రికి బయల్దేరండి. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు వచ్చే ఇన్‌ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. మాత్ర వేస్తే జ్వరం కనిపించదు, ఇన్‌ఫెక్షన్ లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో థర్మామీటర్, దారి ఖర్చులకి డబ్బు, వాహనం ఉన్నవాళ్ళ ఫోన్ నంబర్ సిద్ధంగా పెట్టుకోండి. ఆస్పత్రికి చేరగానే "కీమో పేషెంట్" అన్న మాట ముందు చెప్పండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

కౌంట్ తక్కువగా ఉంది, అయినా ఏబీవీడీ ఎక్కించారు. తప్పు చేశారా?

తప్పు కాదు. ఏబీవీడీలో తెల్లకణాలు తక్కువగా ఉన్నా జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేకపోతే తేదీకే ఇవ్వడం చాలాచోట్ల పద్ధతి. వాయిదాలు పడితే చికిత్స బలం తగ్గుతుంది. కౌంట్ పెంచే ఇంజెక్షన్‌ని బ్లియోమైసిన్‌తో కలిపితే ఊపిరితిత్తులకి ముప్పు పెరుగుతుందన్న జాగ్రత్త కూడా ఉంది. ఆర్-చాప్ లెక్క వేరు, అక్కడ ఇంజెక్షన్ ఇచ్చి కౌంట్ నిలబెడతారు.

మూత్రం ఎర్రగా వస్తోంది. రక్తమా?

డాక్సోరూబిసిన్ రంగే ఎరుపు. ఎక్కించిన ఒకటి రెండు రోజులు అలా రావచ్చు. ఆ తర్వాత కూడా వస్తుంటే, మంటగా ఉంటే చెప్పండి. మందు ఎక్కుతుండగా సూది దగ్గర మంటో వాపో వస్తే ఓర్చుకోకండి, వెంటనే సిస్టర్‌ని పిలవండి. ఆ మందు నరం బయటికి కారితే కండ పుండవుతుంది.

ఏబీవీడీ మధ్యలో పొడి దగ్గు మొదలైంది. చలిగాలి వల్లేనా?

అలా అనుకుని ఊరుకోవద్దు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని గట్టిపరచగలదు. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం తర్వాతి డోసుకి ముందే డాక్టరుకి చెప్పాలి. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువ.

మా నాయనకి షుగర్ ఉంది. ఆర్-చాప్‌తో 400 దాటింది. ఏం చేయాలి?

అందులోని ప్రెడ్నిసొలోన్ వల్ల. రోజుకి 100 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. ఆ రోజుల్లో ఇన్సులిన్ అవసరం కావచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసి డాక్టరుకి చెప్పండి. మాత్రలు మీకై మీరు ఆపకండి, అవి చికిత్సలో భాగం. పొద్దున తిన్నాక వేస్తే రాత్రి నిద్ర చెడదు.

వేళ్ళు తిమ్మిరి, మలబద్ధకం. ఇది చెప్పాల్సిన విషయమా?

తప్పకుండా. విన్‌క్రిస్టిన్ నరాల మీద పనిచేస్తుంది. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నా, చెప్పు జారిపోతున్నా డోసు తగ్గించాల్సి ఉంటుంది. మలబద్ధకానికి మొదటి సైకిల్ నుంచే మందు అడగండి.

ఏం తినాలి? కషాయాలు, నాటు మందు ఇవ్వొచ్చా?

అప్పుడే వండిన వేడి రాగిసంగటి, పప్పు, గుడ్డు, బాగా ఉడికిన నాటుకోడి అన్నీ తినొచ్చు. షుగర్ లేకపోతే కడిగి తొక్క తీసిన మామిడిపండు ఇంట్లో కోసుకుని తినొచ్చు. రోడ్డు పక్కన కోసి పెట్టిన ముక్కలు, చెరుకు రసం, పచ్చి చట్నీలు వద్దు. కషాయాలు, భస్మాలు కీమోతో పాటు ఇవ్వకండి. అవి లివర్‌ని దెబ్బతీస్తే కీమో ఆగిపోతుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు.

## మధ్యలో స్కాన్, ఆ తర్వాత

రెండు సైకిళ్ళకే పెట్ స్కాన్ ఎందుకు? డువిల్ 3 అని రాశారు.

హాడ్కిన్‌లో ఈ స్కానే దారి చూపిస్తుంది. డువిల్ స్కోరు 1 నుంచి 5 వరకు. 1, 2, 3 మంచి ఫలితం, 4, 5 అయితే జబ్బు ఇంకా చురుకుగా ఉందన్న అనుమానం. బ్రిటన్ నుంచి 2016లో వచ్చిన రాథల్ అధ్యయనంలో, ఈ స్కాన్ బాగున్నవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మిగతా నాలుగు సైకిళ్ళలో బ్లియోమైసిన్ తీసేశారు. మూడేళ్ళకి బతికి ఉన్నవాళ్ళు రెండు గుంపుల్లోనూ 97 శాతమే. బ్లియోమైసిన్ తీసేసినవాళ్ళలో ఊపిరితిత్తులు మాత్రం తక్కువ దెబ్బతిన్నాయి. స్కాన్ బాగుంటే "ఇంక బ్లియోమైసిన్ ఆపుతారా?" అని అడగండి. బాగోకపోతే బీకాప్ లాంటి గట్టి కీమోకి మార్చవచ్చు.

చికిత్స అయిపోయింది, గడ్డ ఇంకా చిన్నగా కనిపిస్తోంది.

సీటీలో కనిపించేది చచ్చిన గడ్డ మిగిల్చిన మచ్చ కావచ్చు. చివరి కీమో అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి పెట్ తీస్తే అది చురుకుగా ఉందో లేదో తెలుస్తుంది. తొందరపడి ముందే తీస్తే తప్పుడు భయం పుట్టవచ్చు.

మళ్ళీ వస్తే?

ముందు మళ్ళీ బయాప్సీ. తర్వాత జీడీపీ, ఐస్, డీహాప్ లాంటి వేరే కీమోలు, జబ్బు లొంగితే సొంత స్టెమ్ సెల్స్‌తో మార్పిడి. బి-కణాల రకాలకి కార్-టి చికిత్స (పేషెంటు సొంత రోగనిరోధక కణాలనే మార్చి తిరిగి ఎక్కించడం) ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ తయారు చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టికి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది.

ఫైల్లో ఏమేం దాచాలి?

బయాప్సీ బ్లాకు, స్లైడ్లు ఎక్కడున్నాయో రాసిన కాగితం, ఐహెచ్‌సీ రిపోర్టు, ప్రతి పెట్ స్కాన్ రిపోర్టు, సీడీ, ప్రతి సైకిల్ తేదీ. ముఖ్యంగా డిశ్చార్జ్ సమ్మరీలో డాక్సోరూబిసిన్, బ్లియోమైసిన్ మొత్తం ఎంత పడ్డాయో రాయించుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత గుండె డాక్టరుకైనా, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టరుకైనా ఆ రెండు అంకెలు కావాలి. బ్లియోమైసిన్ పడినవాళ్ళకి మత్తులో ఆక్సిజన్ ఎక్కువగా ఇవ్వకూడదు కాబట్టి, ఆ సంగతి ఆపరేషన్‌కి ముందే చెప్పాలి.